ఎనిమిదో చప్పుడు

ఆలివ్ ట్రెంబాత్ కథల్ని పేజీలతో కొలిచేది కాదు. రొట్టెపిండి పొంగేంతసేపటి కథ. ఇస్త్రీపెట్టె కాగేంతసేపటి కథ. దుమ్ముగాలి లేస్తే తలుపు కింద తడిగుడ్డ దోపి, అది పోయేదాకా కూర్చుని చదివే కథ. "ఇది ఇస్త్రీపెట్టెది పిల్లా, ఇప్పుడే మొదలెట్టకు, నువ్వింకా పిండే కలపలేదు" అనేది పుస్తకం నా చేతిలో పెడుతూనే. నవలలంటే ఆవిడకి పడేది కాదు. నవల ఎక్కడికో తీసుకుపోతుంది, అక్కణ్ణించి మళ్ళీ వంటింట్లోకి తిరిగి రావడం మహా కష్టం అనేది. కథ అలా కాదట. కిటికీ తీస్తాం, చూస్తాం, ఇసక లోపలికి రాకముందే మూసేస్తాం.

యుద్ధం అయిపోయిన నాలుగేళ్ళకి నేను కొత్త పెళ్ళికూతురిగా హాల్‌ఫోర్డ్ సైడింగ్‌లో దిగాను. ఎదురెదురు రైళ్ళు తప్పుకోవడానికి ఆగే చోటది; ఆరు రేకుల ఇళ్ళు, ఒక నీళ్ళ టాంకు, రైలుపట్టాలు. మూడువందల మైళ్ళ మేర ఆ పట్టాలకి ఒక్క వంపు లేదు. చెట్టు లేదు. మోకాలెత్తు ఉప్పుపొదలు, వాటి మీద ఆకాశం. రైలు పొగ కనపడ్డాక గిన్నెలు తోమి, దుప్పటి ఉతికి ఆరేసి, జుట్టు దువ్వుకున్నా రైలింకా వస్తూనే ఉండేది. విసుగొచ్చి ఇంట్లోంచి బయటపడి గంటసేపు నడిచి వెనక్కి తిరిగితే, మన ఇల్లు మన వీపునే చూస్తూ ఉండేది.

మా ఆయన లెన్ పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనివాడు. ఆ గ్యాంగుకి మేస్త్రీ ఆలివ్ భర్త క్లారీ. మాట విషయంలో మహా పిసినారి. ఇంట్లో ఆయన నోట్లోంచి వచ్చేవి మూడే ముక్కలు: "టీ", "ఉప్పు", "గాలి మారింది". ఏటా జనవరిలో మాత్రం నాలుగోది వచ్చేది. "ఈసారి రాస్తాను" అనేవాడు. ఆలివ్ కలంలో సిరా పోసి ఇచ్చేది. ఆయన వంటింటి బల్ల మీద బదిలీ అర్జీ నింపి, మడిచి జేబులో పెట్టుకుని, శుక్రవారం వచ్చే సరుకుల బండిలో ఇవ్వడానికి వెళ్ళేవాడు. తర్వాత ఏ జవాబూ వచ్చేది కాదు. "పైవాళ్ళు అంతే" అనేవాడు. అలా పదకొండు జనవరులు.

ఆలివ్‌కి సముద్రం కోరిక లేదు, షాపుల కోరిక లేదు. ఒక్కటే కోరిక. పోర్ట్ అగస్టా పట్నంలోనో మరెక్కడో, పుస్తకాల అరల ముందు నిలబడి, తన చేత్తో ఒక పుస్తకం లాగి తీసుకోవాలి.

"నెలకోసారి పెట్టె వస్తోందిగా ఆంటీ" అన్నాను ఒకసారి. రాజధాని గ్రంథాలయం నుంచి ముప్ఫై పుస్తకాలతో తాళం వేసిన చెక్కపెట్టె మా సైడింగ్‌కి వచ్చేది. అది చదివి తిరిగిచ్చాకే ఇంకోటి. దాని తాళంచెవి ఆలివ్ మెడలో ఉండేది.

"ఆస్పత్రిలో ఉన్నావా ఎప్పుడైనా?" అంది. "కంచం తెచ్చి పెడతారు. మంచి తిండే. నీకేం కావాలో ఒక్కరూ అడగరు. పదకొండేళ్ళుగా ఎవరో వడ్డించిందే చదువుతున్నాను. ఒక్కసారి తప్పు పుస్తకం ఎంచుకుని, ఛీ, ఇదేం పుస్తకం అని నన్ను నేను తిట్టుకోవాలనుంది నెస్."

ఇక బుధవారాల సంగతి. మేస్త్రీల ఇళ్ళల్లో గోడకి ఒక ఫోను ఉండేది, రైళ్ళ కబుర్లకి. తీగె ఒక్కటే, అన్ని సైడింగులకీ కలిపి. ఎవరు ఎత్తినా అందరి మాటా వినపడుతుంది. బుధవారం రెండింటికి ఇటు బండి పోయి అటు బండి రావడానికి మధ్య ముప్పావుగంట తీగె ఊరకే ఉండేది. ఆ టైములో ఆలివ్ కుర్చీ లాక్కుని, ఫోనులోకి ఒక కథ చదివేది. ఏడు సైడింగుల్లో ఏడుగురు ఆడవాళ్ళు చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్ళు. రూల్సు ప్రకారం అది నేరం. రైళ్ళని నడిపించే కంట్రోలు ఆఫీసులో ఎవరైనా విన్నారేమో తెలీదు, విన్నా ఏమీ అనలేదు.

నా పని పక్కన, గొట్టంలో చప్పుడు వినపడేంత దగ్గరగా నిలబడి ఈగలు తోలడం. పేజీ మీద వాలినవి, ఆవిడ పెదవుల మీద వాలినవి. అందుకని నాకు ఆవిడ గొంతుతో పాటు అక్షరాలూ కనపడేవి. ఒక్క మాట మార్చేది కాదు, ఒక్క మాట మింగేది కాదు.

ఆ ఏడుగురిలో చాలామంది ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడలేదు. ఊపిరిని బట్టే గుర్తుపట్టేవాళ్ళం. ఐవీ బ్రెనర్ ముక్కు ఎగబీల్చేది. మిసెస్ కోవాల్చుక్ యూరప్ శరణార్థి క్యాంపుల్లోంచి వచ్చింది, మొదట్లో ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఎత్తేది, నోటితో గాలి పీలుస్తూ వినేది. ఏడాది తిరిగేసరికి ఆ కథల్లోంచే మాటలు ఏరుకుని మాట్లాడటం మొదలెట్టింది. అందుకే సరుకుల బండిలో కసాయివాడితో కూడా "అయ్యో, ఎంతటి నిరాశ!" అనేది, మాంసం బాగోకపోతే.

కథ అయ్యాక ఎవరూ మాట్లాడకూడదు. నచ్చితే ఫోను మెల్లగా పెట్టేయాలి. టక్. ఒక్కొక్కరే. టక్, టక్. ఆలివ్ కళ్ళు మూసుకుని లెక్కపెట్టేది. ఏడు రావాలి. ఎనిమిది వచ్చేవి. ఆ ఎనిమిదోది ఎప్పుడూ అందరికంటే ఆలస్యంగా, మనసొప్పక పెట్టినట్టు వచ్చేది.

"కంట్రోలు ఆఫీసులో ఎవరో పెద్దమనిషి అయ్యుంటాడు" అనేది ఆలివ్. ఆ మాటన్నప్పుడు ఆవిడ మెడ దగ్గర కొంచెం ఎర్రబడేది.

నా మూడో వేసవిలో ఒక శుక్రవారం ముప్ఫై మైళ్ళ అవతల పట్టా విరిగి గ్యాంగంతా అక్కడికి పోయింది. సరుకుల బండి వచ్చింది. పుస్తకాల పెట్టె చెరో పక్కా పట్టుకుని నేనూ ఆలివూ బండిలో ఆఫీసుగా వాడే బోగీ దగ్గరికి వెళ్ళాం. గుమాస్తా ఫ్లెచర్ పాత పెట్టె తీసుకుని కొత్తది ఇచ్చాడు. ఎప్పుడూ క్లారీయే వచ్చేవాడు కాబట్టి ఆలివ్‌కి అడిగే అవకాశం అదే మొదటిసారి.

"ఫ్లెచర్ గారూ, మా ఆయన అర్జీ ఎంతదాకా వచ్చింది?"

"ఏ అర్జీ అమ్మా?"

"బదిలీది. జనవరిలో ఇచ్చిందే."

ఫ్లెచర్ కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. కాగితాలు తిరగేయనైనా లేదు. "ఈ బోగీలో తొమ్మిదేళ్ళుగా ఉన్నానమ్మా. బూట్లు కావాలని రాశాడు, టోపీ కావాలని రాశాడు, ట్రాలీ చక్రం కావాలని రాశాడు. బదిలీ అనే మాట మీ ఆయన చేతిరాతలో నేనెప్పుడూ చూడలేదు."

మా వెనక మాంసం కొనడానికి బకెట్లతో నిలబడ్డవాళ్ళు కదలడం మానేశారు.

"అలాగా. నేనే పొరబడ్డట్టున్నాను" అంది ఆలివ్. పెట్టె ఎత్తింది. సగం దారిలో దాన్ని దించి దాని మీదే కూర్చుంది. ఎండ నేలమీద నుంచి తిరిగి పైకి లేస్తోంది.

"పదకొండు అర్జీలు నెస్. సిరా నేనే పోసిచ్చాను."

"నిలదీయండి ఆంటీ."

"ఏమంటాడు? గాలి మారింది అంటాడు."

"అయితే ఆ బండెక్కి వెళ్ళిపోండి."

ఆవిడ బండికేసి చూసింది. "ఎక్కడమెంతసేపు? ఎక్కడో దిగాలిగా. దిగేచోటు లేనివాళ్ళకి అన్నీ ఆగని బళ్ళే పిల్లా."

ఆ వారమంతా ఆవిడ క్లారీతో ఏమీ అనలేదు. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది రేకు గోడే కాబట్టి నాకు తెలుసు. చెంచాల చప్పుడు వినపడేది. కుర్చీ చప్పుడు. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులకీ మధ్య ఉన్న బల్ల చప్పుడు కూడా నాకు వినపడినట్టుండేది.

బుధవారం మామూలుగానే చదివింది. ఒకే కోటుని రోజు మార్చి రోజు వేసుకునే ఇద్దరు అన్నదమ్ముల కథ. ఇస్త్రీపెట్టెది. అన్న పెళ్ళిచూపులకని తమ్ముడు తన వంతు కూడా ఇచ్చేస్తాడు, తనకొచ్చిన ఉద్యోగం ఉత్తరం జేబులోనే ఉండిపోతుంది. చివర్లో ఆవిడ గొంతు ఒకచోట తగ్గింది. ఏడు చప్పుళ్ళు. కాసేపటికి ఎనిమిదోది.

ఆ సాయంత్రం లెన్ మటన్ ముక్క నములుతూ అన్నాడు: "ఆ తమ్ముడెంత వెర్రివాడే! ఇచ్చేముందు జేబు చూసుకోవద్దూ?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏ తమ్ముడు?"

లెన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరో. పనిలో అనుకుంటుంటే విన్నా."

"పనిలో కోట్ల గురించి అనుకుంటున్నారా, ఈ ఎండలో? లెన్ పాస్కో, నా కళ్ళలోకి చూసి చెప్పు."

నిజం బయటికొచ్చింది. పట్టాల మీద పనికి పోయేవాళ్ళ దగ్గర ఒక చేతిఫోను ఉంటుంది. పొడుగాటి కర్రలకి కొక్కేలు, కొక్కేలకి తీగెలు. స్తంభాల మీది తీగెకి తగిలిస్తే ఎక్కణ్ణించైనా మాట్లాడొచ్చు, రైలెక్కడుందో కనుక్కోవచ్చు. ప్రతి బుధవారం రెండింటికి క్లారీకి ఏదో ఒక బోల్టు వదులుగా కనిపించేదట. ట్రాలీ ఆపించి, గ్యాంగుకి టీ పెట్టమని, కర్ర తగిలించేవాడు.

"చెవిగొట్టం ఆయనొక్కడి దగ్గరే ఉంటుంది. తర్వాత మాకు చెప్తాడు" అన్నాడు లెన్.

"క్లారీయా? నోరు విప్పి?"

"మొత్తం చెప్తాడు. ఆవిడ గొంతు ఎక్కడ తగ్గిందో కూడా చెప్తాడు. నువ్వు నమ్మవు గానీ, కళ్ళు మూసుకుని చెప్తాడు."

"మరి ఆ అర్జీలు ఎందుకివ్వలేదట?"

లెన్ కంచం వైపు చూశాడు. "నేనడగలేదు. ఒకసారి తనే అన్నాడు, ఊళ్ళో ఇలాంటి తీగె ఉండదు కదా లెన్, అని."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చెప్పేశాను. ఆలివ్ పిండి పిసుకుతోంది. చేతులు మణికట్టు దాకా పిండిలో ఉండగానే ఆగిపోయాయి.

"ఆ ఎనిమిదో మనిషి కోసం" అంది, "కొన్ని వాక్యాలు మెల్లగా చదివేదాన్ని. తెలుసా? ఎక్కడో దూరాన, నన్ను అర్థం చేసుకునే పెద్దమనిషి అనుకుని." నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళొచ్చి, పిండి చేత్తో తుడుచుకుని, మొహమంతా తెల్లగా చేసుకుంది. తర్వాత ఆ తెల్లదనం కింద ఆవిడ మొహం గట్టిపడటం చూశాను.

"గ్రామఫోను పెట్టెలా ఉంచుకున్నాడన్నమాట నన్ను. పెట్టె కదిలిస్తే పాట పోతుందని."

వచ్చే బుధవారం కోసం ఆవిడ ఒక కథ ఎంచింది. ముప్ఫై పుస్తకాల్లోకీ తనకి అన్నిటికంటే నచ్చినది. రొట్టెపిండి కథ, నిడివైనదే. ఒక రేవు ఊళ్ళో గడియారాలు బాగుచేసే మనిషి. ఒకరోజు ఒక అమ్మాయి చేతిగడియారం ఇచ్చి వెళ్తుంది, తీసుకోవడానికి రాదు. అతను దాన్ని బాగుచేసి రోజూ పొద్దున కీ ఇస్తుంటాడు. ఊరు మారుతుంది. అతని చేతులు వణకడం మొదలెడతాయి. ముప్ఫై ఏళ్ళపాటు ఒక్కరోజు కూడా ఆ గడియారం ఆగదు. ఆలివ్ చదువుతుంటే నేను ఈగలు తోలడం మర్చిపోయాను. ఒకటి ఆవిడ వేలిమీద వాలి, అదీ వింటున్నట్టు కదల్లేదు.

"తలుపు గంట మోగింది. అతను తలెత్తాడు."

అక్కడ పేజీ అయిపోయింది. ఆలివ్ పేజీ తిప్పలేదు. పుస్తకం మూసింది.

తీగె మీద ఎనిమిది ఊపిర్లు.

"ఇంకొక్క పేజీ ఉంది" అంది ఆలివ్ ఫోనులోకి. "ఎనిమిదో ఫోను దగ్గరున్న పెద్దమనిషి శుక్రవారం బండిలో ఒక కాగితం ఇవ్వాలి. పదకొండేళ్ళుగా ఇవ్వాల్సిన కాగితం. అది ఇచ్చాక చదువుతాను."

అప్పటిదాకా కథయ్యాక ఎవ్వరూ నోరెత్తని తీగె ఒక్కసారిగా సంతయిపోయింది.

"ఎనిమిదో ఫోనా? అదెవరు? మనం ఏడుగురమేగా!" ఐవీ.

"ఆలివ్! తలుపు దగ్గర ఎవరు? ఆ ఆడమనిషేనా? ఒక్క మాట చెప్పు, ఊఁ అను చాలు!" ఇంకొకావిడ.

"అయ్యో, ఎంతటి నిరాశ!" మిసెస్ కోవాల్చుక్ గొంతు. "కాగితం ఇయ్యి మగాడా, ఎవడివో గానీ! నేను వంట చేసుకోవాలి!"

ఆలివ్ అందరికంటే ముందు పెట్టేసింది. టక్.

ఆ రోజు ట్రాలీ మామూలుకంటే తొందరగా తిరిగొచ్చింది. నేను గోడకి ఆనుకునే కూర్చున్నాను, దాచడమెందుకు.

"ఆల్." క్లారీ గొంతు.

"టీ పొయ్యిమీదుంది."

"ఆవిడ వచ్చిందా?"

"పుస్తకం బల్లమీదే ఉంది. నూట పన్నెండో పేజీ. నువ్వే చదువుకో."

గాలికి రేకు మూలిగింది.

"అర్జీ గీకగలను గానీ కథలో అక్షరాలు నాతో మాట్లాడవు. నీకు తెలుసు."

"నువ్వూ నాతో మాట్లాడలేదు. పదకొండేళ్ళు. ఆ కాగితాలేం చేశావు?"

"బాయిలరు మంటలో వేశాను." తర్వాత, క్లారీ ట్రెంబాత్ జీవితంలో అన్నిటికంటే పెద్ద ఉపన్యాసం: "ఊరికి పోతే నువ్వు లైబ్రరీకి పోతావు. అక్కడ మాట్లాడకూడదని గోడమీద రాసుంటుంది. నువ్వు నీలో నువ్వే చదువుకుంటావు. నేను ఎక్కడ తగిలించుకోవాలి నా కర్ర?"

"నన్నడగొచ్చుగా, ఎదురుగా కూర్చుని."

"ఎదురుగా ఉంటే నాకు ఉప్పు అడగడమే వస్తుంది."

ఆలివ్ ఏమందో వినపడలేదు.

గురువారమంతా పుస్తకం ఆ బల్లమీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. నేను ముట్టుకోవచ్చు, కానీ అది దొంగతనంలా తోచింది. గ్యాంగు కుర్రకారు పనిలో క్లారీని చుట్టుముట్టారట. "ఇచ్చేయి బాస్. ఆ గంట ఎవరు కొట్టారో తెలీక సుత్తి వేలిమీద పడుతోంది." ఐవీ బ్రెనర్ గూడ్సు గార్డు చేత ఒక కేకు పంపింది, పైన చీటీ: "మేస్త్రీకి ఒక్క ముక్క కూడా పెట్టొద్దు."

శుక్రవారం బండి వచ్చింది. క్లారీ మాంసం బకెట్ల ఆడవాళ్ళ వెనక వరసలో నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వరస దానంతటదే పక్కకి జరిగి ఆయనకి దారిచ్చింది.

"బూట్లా?" అన్నాడు ఫ్లెచర్.

"కాదు. బదిలీ."

ఫ్లెచర్ కాగితం తీసిచ్చాడు. క్లారీ అక్కడే, అందరి ముందూ, పెన్సిలు తడుపుకుంటూ ఒక్కో అక్షరమే దింపాడు. ఫ్లెచర్ తిప్పి చదివాడు.

"ఏమిటయ్యా ఇది? 'లైబ్రరీ ఉన్న ఊరు' అని రాశావు. స్టేషను పేరు రాయాలి!"

ఆడవాళ్ళు నవ్వారు. ఆలివ్ నవ్వలేదు. ముందుకొచ్చి, "పోర్ట్ అగస్టా" అంది. ఆయన కొట్టేసి రాశాడు. ఫ్లెచర్ ముద్ర కొట్టి రసీదు ముక్క చింపి ఇస్తే, క్లారీ దాన్ని ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ఆ ముక్కని నూట పన్నెండో పేజీలో పెట్టింది.

బుధవారం రెండింటికి నేను ఫోను దగ్గర అంతమంది ఊపిర్లు ఎప్పుడూ వినలేదు. ఒక్కో ఇంట్లో ఒక గొట్టానికి ఇద్దరు ముగ్గురు చెవులానించినట్టున్నారు. ఆలివ్ చదివింది. వచ్చింది ఆ ఆడమనిషే. ముసలిదైంది. అతను గడియారం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. "ఇంకా నడుస్తోందా? ఎప్పుడో ఆగిపోయి ఉంటుందనుకుని బతికేశాను" అంది. స్టూలు లాక్కుని కూర్చుంది. అంతే కథ.

టక్, టక్. ఏడు. ఆలివ్ ఫోను పట్టుకునే ఉంది. ఎనిమిదోది ఎంతకీ రాలేదు. తీగె మీద గాలి ఊళ వేయడం వినపడింది, ఎక్కడో ఒక స్తంభం కింద. చివరికి ఆవిడే అంది, నెమ్మదిగా: "పెట్టేయి క్లారీ. బండొచ్చే టైమైంది."

టక్.

ఏడు వారాలకి పైనుంచి జవాబు వచ్చింది. పేరు జాబితాలో చేర్చాం, ఖాళీ ఏర్పడగానే తెలియజేస్తాం. క్లారీ "పైవాళ్ళు..." అని మొదలెట్టి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. పదకొండేళ్ళు ఆయన చెప్పిన అబద్ధం ఇప్పుడు నిజమై, ముద్రతో సహా బల్లమీదికి వచ్చింది. ఆలివ్ అప్పుడు నవ్వింది, చాలా రోజులకి. ఒక సాయంత్రం ఆయన ధైర్యం చేసి, ఇక్కడే కూర్చుని వినొచ్చా అని అడిగాడట. "వద్దు. నీ కర్ర దగ్గరికే పో. అక్కడైతే నువ్వు బాగా వింటావు" అందట.

ఇంకో రెండు వేసవులు గడిచాక ఖాళీ ఏర్పడింది. వెళ్ళేరోజు ఆలివ్ తన మెడలోంచి పెట్టె తాళంచెవి తీసి నా మెడలో వేసింది. లోహం చల్లగా తగులుతుందనుకున్నాను. ఆవిడ ఒంటి వేడితో ఉంది.

నెల తర్వాత ఉత్తరం రాసింది. లైబ్రరీకి వెళ్ళిందట. అరల ముందు రెండు గంటలు నిలబడిందట. చెయ్యి ఎత్తి, దించి, ఎత్తి, దించి, ఏది తీయాలో తెలియక చెమటలు పట్టాయట. తలుపులు మూసే వేళకి గడియారాల మనిషి కథ ఉన్న పుస్తకమే తీసుకుని ఇంటికొచ్చిందట. "నన్ను నేను తిట్టుకున్నాను పిల్లా. ఎంత బాగుందో చెప్పలేను" అని రాసింది. క్లారీ గురించి ఒక్క వాక్యమే ఉంది. ఆయన బుధవారం రెండింటికి పెరట్లోకి పోయి, కంచె దగ్గర నిలబడుతున్నాడట. ఆవిడ వంటింటి కిటికీ తీసి, గట్టిగా చదువుతోందట.

క్లారీ తర్వాత లెన్‌ని మేస్త్రీని చేశారు. మేం ఆ ఇంట్లోకి మారాం. ఇప్పుడు కుర్చీ లాక్కుని ఫోను ఎత్తేది నేను. ఈగలు తోలేవాళ్ళు లేరు, అవి నా పెదవుల మీదే కథ వింటాయి. ఈ జనవరిలో లెన్ కూడా అన్నాడు, ఈసారి రాస్తాను అని. కలంలో సిరా నేనే పోశాను. బుధవారం కథ అయ్యాక కళ్ళు మూసుకుని లెక్కపెడతాను. ఏడు వస్తాయి. ఆగుతాను. ఎనిమిదోది వస్తుంది, ఎక్కడో స్తంభం కింద, ఏదో బోల్టు వదులైనచోట.

నేనింకా ఏ కథనీ మధ్యలో ఆపలేదు.